జపాను బడిలో మధ్యాహ్న భోజనం – పరదేశోపాధ్యాయుని పాఠం

విద్యను గూర్చి వ్రాసేవారు పాఠ్యగ్రంథాలను గూర్చి, పరీక్షలను గూర్చి, బోధనా పద్ధతులను గూర్చి వ్రాస్తారు. మధ్యాహ్నం గంట మ్రోగిన తరువాత బడిలో ఏమి జరుగుతుందో వ్రాసేవారు అరుదు. ఆ సమయాన్ని మనం విరామమని పిలుస్తాము. విరామమంటే చదువు ఆగిపోయిన వేళ అని మన భావం. పిల్లలు చెట్టు క్రిందికో వరండాలోకో పోతారు. అయ్యవారు తన గదిలోకి పోయి ఇంటి నుండి తెచ్చుకున్న క్యారియరు విప్పుకుంటారు. జపాను దేశంలో ఇట్లా కాదు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో భోజనం కూడా ఒక పాఠమే. ఉపాధ్యాయుడు పిల్లల నడుమ కూర్చుని, పిల్లలకు పెట్టిన అన్నమే తాను తింటూ ఆ పాఠం నడపాలి. ఇంగ్లీషు బోధించడానికి పరదేశం నుండి వెళ్ళినవారిని కూడా సాధారణంగా ఈ బంతిలోనే కూర్చోబెడతారు. ఆ వెళ్ళినవారు ముస్లిములైతే ఒక చిక్కు అదనంగా ఎదురవుతుంది. ఆ భోజనం చరిత్రను, దాని నడకను, ఆ చిక్కును ఈ వ్యాసంలో కొంత విచారించదలచాను.

జపాను బడులకు పరదేశోపాధ్యాయులు పెద్ద సంఖ్యలో రావడం 1987లో మొదలైంది. ఆ యేట ఆ ప్రభుత్వం 'జెట్' అనే పథకం క్రింద అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాల నుండి 848 మంది యువతీ యువకులను రప్పించింది. తరువాతి కాలంలో అనేక ఇతర దేశాలవారు కూడా ఇందులో చేరారు. వీరిలో చాలామంది సహాయోపాధ్యాయులు. అనగా స్థానిక ఉపాధ్యాయుని ప్రక్కన నిలిచి భాషను పలికించేవారు. 2011లో ప్రాథమిక పాఠశాలలోని 5, 6 తరగతులలో విదేశీభాషా కార్యక్రమం తప్పనిసరి అయింది. 2020 నుండి ఆ తరగతులలో అది పూర్తి పాఠ్యవిషయమై, 3, 4 తరగతులకు కూడా భాషా కార్యక్రమం దిగింది. అందుచేత కొండల నడుమనున్న చిన్న ఊరి బడికి కూడా పరదేశోపాధ్యాయుడు వారంలో ఒకటి రెండు రోజులైనా వెళుతున్నాడు. ఒకే మనిషి రెండు మూడు బడులు తిరగడం, ఈ రోజు ఒక తరగతిలోను రేపు మరొక తరగతిలోను భోజనానికి కూర్చోవడం అక్కడ మామూలు. మన కళాశాలలో చదివి గల్ఫు దేశాలకు పోయేవారిని మనం ఎరుగుదుము; తూర్పు దిక్కుకు పోయేవారు తక్కువ. అయినా పోదలచినవారికి ఈ నాలుగు మాటలు ఉపకరించవచ్చును.

ఆ భోజనానికి జపాను భాషలో 'క్యూషొకు' అని పేరు. ఇందులో రెండు చిత్రాక్షరాలున్నవి. మొదటిది ఇవ్వడం, సమకూర్చడం అనే అర్థమిచ్చేది, రెండవది భోజనం. తెలుగులో దీనిని 'అన్నదానం' అనవచ్చునా అని ఆలోచించాను గాని, ఆ మాటలో దాత, గ్రహీత అనే భేదం ఇమిడి ఉన్నది. క్యూషొకు చరిత్ర అంతా ఒక విధంగా ఆ భేదాన్ని తుడిచివేసిన చరిత్రయే.

అది దానంగానే పుట్టింది. 1889లో యమగత ప్రాంతంలోని త్సురుఓక పట్టణంలో, దైతొకుజి అనే బౌద్ధాలయ ఆవరణలో నడిచిన ఒక ప్రాథమిక పాఠశాలలో, ఇంటి నుండి అన్నం తెచ్చుకోలేని పేదపిల్లలకు భిక్షువులు ఉచితంగా భోజనం పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి మంత్రాలు చదివి, వచ్చిన బియ్యమూ డబ్బూ దీనికి వెచ్చించారు. అన్నపు ముద్దలు, ఉప్పు పట్టించి కాల్చిన సామన్ చేప, ఊరవేసిన కూరగాయ – ఇంతే ఆనాటి వంటకం. 1932లో, ఆర్థికమాంద్యపు రోజులలో, ఆకలితో బడికి వచ్చే పిల్లల కొరకు జాతీయ ప్రభుత్వం మొదటిసారి నిధులిచ్చింది. ఆ తరువాత యుద్ధం వచ్చి వంటలు ఆరిపోయినవి.

యుద్ధంలో ఓడిన దేశంలో పిల్లలు ఎండిపోయి ఉన్నారు. 1946 డిసెంబరు 24న టోక్యో, కనగవ, చిబ ప్రాంతాలలో, 'లారా' అనే సహాయ సంస్థల కూటమి పంపిన సరుకులతో ప్రయోగాత్మకంగా బడిభోజనం మళ్ళీ మొదలైంది. మరుసటి నెలలో, అనగా 1947 జనవరిలో, నగరాలలోని సుమారు 30 లక్షల మంది పిల్లలకు దానిని విస్తరింపజేశారు. 1949లో యునిసెఫ్ సంస్థ వెన్న తీసిన పాలపొడి ఇచ్చింది. 1950లో అమెరికా గోధుమపిండితో పెద్ద నగరాలలో రొట్టె, పాలు, ఒక కూర కలిసిన పూర్తి భోజనం ఆరంభమైంది. ఆ పాలపొడి పాలను గూర్చి ఆ తరంవారు ఈనాటికీ ముక్కు మూసుకునే చెబుతారు. వాసన అంత ఘోరమట. అయినా ముక్కు మూసుకుని త్రాగిన ఆ పాలే వారి ఎముకలకు బలమిచ్చినవని కూడా వారే అంటారు. ఆక్రమణ ముగిసే వేళకు అమెరికా సహాయనిధి ఆగిపోయి, బడిభోజనం నిలుస్తుందా కూలుతుందా అనే సంకటం ఏర్పడింది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు దేశవ్యాప్తంగా ఆందోళన చేసిన మీదట 1954లో బడిభోజన చట్టం వచ్చింది.

ఆ చట్టంలోని ఒక ఏర్పాటును మన కళాశాల కమిటీ పెద్దలు గమనించాలని కోరుతాను. వంటశాల, పరికరాలు, వంటవారి జీతాలు – ఇవి బడిని నడిపే పురపాలక సంఘం భరించాలి. పప్పు, ఉప్పు, కూరగాయల వంటి పదార్థాల వెల తల్లిదండ్రులు ఇచ్చుకోవాలి. ఇచ్చుకోలేని పేదవారికి వేరే సహాయం ఉన్నది. ఇటీవలి సంవత్సరాలలో ఆ వెలను కూడా మాఫీ చేసిన పట్టణాలు అనేకం. ఎవరి పిల్లవాడు డబ్బు చెల్లించి తింటున్నాడో, ఎవరి పిల్లవాడు చెల్లించక తింటున్నాడో తరగతిలో ఎవరికీ తెలియదు. ఉపాధ్యాయులు కూడా నెలనెలా తమ భోజనపు వెల చెల్లిస్తారు. పరదేశి సహాయోపాధ్యాయుడూ చెల్లిస్తాడు. కాబట్టి ఆ బంతిలో అతిథి అంటూ ఎవరూ లేరు. దానంగా పుట్టినది హక్కుగాను, హక్కు అయినది అలవాటుగాను మారడానికి వారికి ఎంతో కాలం పట్టలేదు.

అయితే దానపు ముద్ర భోజనం రుచిలో చాలాకాలం నిలిచింది. బియ్యం తినే దేశపు పిల్లలు బడిలో దాదాపు ముప్పై ఏండ్లు రొట్టె తిన్నారు. ఇచ్చినవాని గిడ్డంగిలో గోధుమ మిగిలింది గనుక పుచ్చుకున్నవాని కంచంలో రొట్టె పడింది. 1976లో గాని వరి అన్నం బడిభోజనంలోకి అధికారికంగా రాలేదు. అప్పటికి జపానులోనే బియ్యం మిగిలిపోసాగింది. రైతును కాపాడవలసి వచ్చింది. అన్నం వచ్చినా పాలు మాత్రం పోలేదు. ఈనాటికీ అన్నం, చేప, సోయా పులుసు పెట్టిన పళ్ళెం ప్రక్కన 200 మిల్లీలీటర్ల పాలు తప్పనిసరిగా ఉంటాయి. చేప తిన్న మీద పాలు త్రాగరాదని మన ఇండ్లలో పెద్దలు చెప్పే మాట తెలిసిన తెలుగువాడు ఆ పళ్ళెం చూసి కాసేపు ఆగిపోతాడు. జపానులో కూడా ఈ వాదన లేకపోలేదు. నీగత ప్రాంతంలోని సంజో పట్టణంవారు అన్నానికీ పాలకూ పొత్తు లేదని 2014 డిసెంబరు నుండి నాలుగు నెలలు ప్రయోగంగా భోజనంలో పాలు ఆపి చూశారు. పాలు లేనిదే సున్నం ధాతువు చాలదని మరొక పక్షం వాదించింది.

ఇక ఆ గంట నడక చూద్దాము. ఉదయం నాలుగు పాఠాలు ముగిసిన తరువాత గంట మ్రోగుతుంది. వంట బడిలోనే జరగవచ్చును, లేదా ఊరంతటికీ కలిపి ఒక కేంద్ర వంటశాలలో జరిగి లారీలో రావచ్చును. తరగతిలో ఆ వారం వంతు వచ్చిన పిల్లలు తెల్లని అంగీలు, టోపీలు, ముక్కుగుడ్డలు ధరించి, చేతులు కడుక్కుని, గంగాళాలూ పళ్ళేలూ మోసుకువస్తారు. మిగిలినవారు బల్లలు తిప్పి ఐదారుగురు ఎదురెదురుగా కూర్చునేటట్లు జరుపుతారు. వంతువారు గరిటెలు పట్టుకుని వడ్డన మొదలుపెడతారు. ఎనిమిదేండ్ల పిల్ల అందరికీ పులుసు సమంగా రావాలని గరిటెను కంటితో కొలిచి పోయడం, చివరికి తక్కువైతే ముందు పోసిన గిన్నెల నుండి తీసి సర్దడం – ఇది గణితపాఠమో నీతిపాఠమో చెప్పడం కష్టం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. ఆ తరగతిలో ఈ సామెతకు పని లేదు. ఈ వారం వడ్డించేవాడు వచ్చే వారం పళ్ళెం పట్టుకుని నిలబడతాడు; ఈ వారం నిలబడినవాడు గరిటె పట్టుకుంటాడు. ఉపాధ్యాయుడు కూడా పిల్లవాడు పోసినంతే పుచ్చుకుంటాడు.

అందరి పళ్ళేలూ నిండే వరకు ఎవరూ ముట్టరు. తరువాత అందరూ చేతులు జోడించి 'ఇతదకిమాస్' అంటారు. వినయంగా స్వీకరిస్తున్నాను అని దాని భావం. ఎవరి నుండి స్వీకరిస్తున్నాము? వండినవారి నుండి, పండించినవారి నుండి, ప్రాణమిచ్చిన చేప నుండి, మొక్క నుండి అని పిల్లలకు చెబుతారు. మనం బిస్మిల్లా అని మొదలుపెట్టే చోట వారు ఈ మాట అంటారు. రెండింటి అర్థం ఒకటి కాదు గాని, నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగడమనే మర్యాద ఒకటే. తినడం ముగిసిన తరువాత 'గొచిసోసమ' అని మరొకసారి అందరూ కలిసి చెబుతారు. పాలడబ్బాలను విప్పి, కడిగి, ఆరబెట్టే బడులున్నవి. వంతు ముగిసిన శుక్రవారం పిల్లలు తెల్ల అంగీని సంచిలో పెట్టి ఇంటికి పట్టుకుపోయి, ఉతికి, ఇస్త్రీ చేయించి, సోమవారం తెచ్చి తరువాతి వంతువానికి అప్పగిస్తారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ బంతి చెదిరిపోయింది. బల్లలన్నీ ఒకే వైపు తిప్పి, మాట్లాడకుండా తినమన్నారు. ఆ నియమాన్ని సడలించవచ్చునని విద్యాశాఖ 2022 నవంబరులో తెలిపే వరకు చాలా బడులలో పిల్లలు ఎదుటివాని వీపు చూస్తూ మౌనంగా తిన్నారు.

భోజనం వెనుక ఒక శాస్త్రం ఉన్నది. 8, 9 ఏండ్ల వయసువారికి ఒక్క పూటకు 650 కిలోకేలరీలు, 12 నుండి 14 ఏండ్లవారికి 830 కిలోకేలరీలు అని ప్రభుత్వం ప్రమాణం నిర్ణయించింది. నెలకొకసారి వంటకాల పట్టిక ప్రతి ఇంటికీ పంపుతారు. అందులో పదార్థాలను మూడు రంగుల క్రింద విభజించి చూపుతారు: శరీరాన్ని కట్టేవి ఎరుపు, శక్తినిచ్చేవి పసుపు, ఒంటిని సరిగా నడిపేవి ఆకుపచ్చ. 2005లో ఆహారవిద్యకు ప్రత్యేక చట్టమే చేశారు. ఆ యేడే పోషకాహారోపాధ్యాయుడనే పదవిని కూడా సృష్టించారు. వంటపట్టిక తయారుచేసేవాడే తరగతికి వచ్చి ఈ రోజు ముల్లంగి ఏ ఊరిలో పండిందో చెబుతాడు.

అప్పటికి తొమ్మిదేండ్ల క్రితం వారు ఒక గొప్ప దెబ్బ తిన్నారు. 1996 జూలైలో ఒసాకా ప్రక్కనున్న సకాయి నగరంలో బడిభోజనం ద్వారా ఓ-157 అనే సూక్ష్మజీవి వ్యాపించి వేలాదిమంది పిల్లలు జబ్బుపడ్డారు. ముగ్గురు పిల్లలు మరణించారు. ఆ దుర్ఘటన తరువాత పరిశుభ్రతా నియమాలు మిక్కిలి కఠినమైనవి. పదార్థాల నుండీ వండిన ప్రతి వంటకం నుండీ 50 గ్రాముల చొప్పున తీసి, సున్నకు 20 డిగ్రీల క్రింద రెండు వారాలకు తక్కువ కాకుండా భద్రపరచాలి. పిల్లల భోజనానికి అరగంట ముందే ప్రధానోపాధ్యాయుడో ఆయన బదులు బాధ్యుడో ఆ భోజనాన్ని తిని, రుచి, వాసన సరిగా ఉన్నవని పుస్తకంలో వ్రాయాలి. మన దేశంలో కూడా ఈ ఆలోచన ఉన్నది. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానం వండిన భోజనం పెట్టవలెనని ఆజ్ఞాపించిన తరువాత, ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి మధ్యాహ్న భోజనం అమలులోకి వచ్చింది. 2013 జూలైలో బీహారు రాష్ట్రంలోని ఒక గ్రామంలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు మరణించిన పిమ్మట, వడ్డనకు ముందు ఉపాధ్యాయుడు రుచి చూడాలనే నియమాన్ని గట్టిగా చెప్పారు. అయితే మన నియమం ఒక్క ముద్దతో ఆగిపోతుంది. అక్కడ ప్రధానోపాధ్యాయుడు ముందు తింటాడు, తరగతి ఉపాధ్యాయుడు పిల్లలతో పూర్తి భోజనం చేస్తాడు. రుచి చూడడానికీ కలిసి తినడానికీ మధ్యనున్న దూరం ఎంతో పాఠకులే కొలుచుకోవచ్చును.

పరదేశోపాధ్యాయునికి ఈ బంతిలో మొదట కలిగేది బెరుకు. అమెరికావంటి దేశంలో కూడా 1946లోనే జాతీయ బడిభోజన చట్టం వచ్చింది గాని, అక్కడి పిల్లలు పెద్ద భోజనశాలలో వరుసలో నిలబడి పళ్ళెం నింపుకుంటారు. ఉపాధ్యాయులు సాధారణంగా తమ గదిలో విడిగా తింటారు. అట్టి దేశం నుండి వచ్చినవాడు చిన్న కుర్చీలో మోకాళ్ళు మడుచుకుని, పదేండ్ల పిల్లల నడుమ పుల్లలతో అన్నం ఏరుకోవలసి వస్తుంది. ఆ పుల్లలు పట్టుకోవడం చేతకానప్పుడు అతడు గురువు కాడు. ప్రక్కనున్న పిల్లవాడే గురువు. ఉదయం పాఠంలో నోరు విప్పని పిల్ల ఇప్పుడు పళ్ళెంలోని ఒక్కొక్కదానిని చూపి ఇది మీ భాషలో ఏమిటని అడుగుతుంది. భాషాబోధకునిగా నేననేది ఏమంటే, నల్లబల్ల మీద వ్రాసిన పది వాక్యాల కంటె ఆకలి మీద అడిగిన ఒక్క మాట నాలుకకు బాగా పడుతుంది. మనకు ఉర్దూ వచ్చినా తెలుగు వచ్చినా వంటింటి గడప దగ్గరనే వచ్చినవి గదా!

ఆ పళ్ళెంలో ఒక రోజు కూర కూడా కనబడుతుంది. జపానువారి 'కరే' మన దేశం నుండి నేరుగా పోలేదు. మెయిజీ యుగంలో ఆంగ్లేయుల ద్వారా, గోధుమపిండితో చిక్కబడి, వారికి చేరింది. తమిళుల కరి, మన కూర, ఆంగ్లేయుల కర్రీ, జపానువారి కరే – మాట ఇంత దూరం నడిచింది. 1982 జనవరి 22న, బడిభోజనం తిరిగి మొదలై 35 ఏండ్లు నిండిన సందర్భంలో, దేశమంతటా పిల్లలకు ఒకే రోజున కరే వండిపెట్టాలని బడిభోజనపు పోషకాహార నిపుణులు నిర్ణయించారు. పిల్లలకు అంత ప్రియమైన వంటకమది. అన్నం మీద పసుపుపచ్చని కూర చూసి భారతీయోపాధ్యాయుని ప్రాణం లేచివస్తుంది. కాని టోక్యో పరిసరాలలో ఆ కూరలో సాధారణంగా పడేది పందిమాంసం.

మనవారి చిక్కు ఇక్కడ మొదలవుతుంది. పంది మాంసం ముక్కగా ఉంటే కంటికి కనబడుతుంది. కనబడనివే ఎక్కువ కష్టం. పులుసులో ఎముకల సారం, రొట్టెలో కొవ్వు, తీపి వంటకంలో జిలాటిన్, చేపకు పట్టించిన మిరిన్ అనే తీపి మద్యం, కూరగాయల మీద చిలికిన సాకె – ఇవి వంటవారి దృష్టిలో రుచికి వేసే చుక్కలు, మన దృష్టిలో హరామ్ వస్తువులు. కోడి, గొడ్డు మాంసాలు జబీహా అయినవి కావు. వానిని గూర్చి ఉలేమాలో అభిప్రాయభేదాలున్నవి. చేప, గ్రుడ్డు, కూరగాయ, సముద్రపు నాచు, సోయా పన్నీరు ఇబ్బంది లేనివి. జపాను దేశానికి ముస్లిములు కొత్త కారు. కోబె నగరంలోని మసీదు 1935లో వెలసింది. దాని నిర్మాణానికి విరాళమిచ్చినవారిలో అక్కడ వ్యాపారం చేసిన భారతీయ ముస్లిములు ముఖ్యులు. టోక్యో మసీదు 1938లో వెలసి, 2000లో పునర్నిర్మితమైంది. అయినా బడి వంటశాలకు ముస్లిం పిల్లవాడు రావడం ఇటీవలి అనుభవమే.

అక్కడి బడిభోజనం ఆదర్శం అందరికీ ఒకే వంటకం. ధనిక, దరిద్ర భేదాన్ని తుడవడానికి ఆ ఆదర్శం ఎంతో ఉపకరించింది. దానిని నేను తక్కువ చేయను. కాని ఒకటిగా ఉండడమూ సమానంగా ఉండడమూ ఒకటేనని భ్రమపడినప్పుడు అదే ఆదర్శం కఠినమవుతుంది. పళ్ళెంలో మెతుకు మిగల్చకుండా తినాలని ఒత్తిడి పెట్టిన ఉపాధ్యాయులు అక్కడ ఉన్నారు. తినలేని పిల్లలు ఆట సమయంలో కూడా చల్లారిన పళ్ళెం ముందు కూర్చుని ఏడ్చినారు. 2012 డిసెంబరులో టోక్యో ప్రాంతపు చోఫు పట్టణంలో పాలు పడని అయిదవ తరగతి బాలిక ఒకతె బడిభోజనం తిని మరణించింది. ఆమెకు మొదట జున్ను లేకుండా వేరుగా చేసిన అట్టే ఇచ్చారు. రెండవ వడ్డనలో అందరి కొరకు చేసిన జున్ను అట్టు ఆమె పళ్ళెంలో పడింది. ఆ తరువాత దేశమంతటా శరీరానికి పడని పదార్థాల విషయంలో జాగ్రత్తలు పెరిగినవి: వేరు పళ్ళెం, వేరు రంగు, పేరు వ్రాసిన మూత, ఇద్దరు మనుషుల తనిఖీ. వేరుగా తినేవాడు బంతిని చెడగొట్టేవాడు కాడని వారు నేర్చుకోవడానికి ఒక పసిప్రాణం వెలగా పోయింది.

ముస్లిం పిల్లలకు, ఉపాధ్యాయులకు దారి ఏర్పడింది కూడా చాలావరకు ఈ ద్వారం గుండానే. శరీరానికి పడనిదాని కొరకు వ్రాసిన వివరమైన పదార్థాల పట్టిక, మనస్సాక్షికి పడనిదానికి కూడా పనికివచ్చింది. కొన్ని పట్టణాలలో పంది మాంసం తీసి పెట్టే ఏర్పాటు ఉన్నది. చాలా చోట్ల లేదు. అందుచేత తల్లులు నెల పట్టిక ముందుంచుకుని, బడిలో కరే వండే రోజున ఇంట్లోనూ కరే వండి, చేప రోజున చేప వేయించి, బెంతో అనే డబ్బాలో పెట్టి పంపుతారు. పిల్లవాని డబ్బా తెరిస్తే ప్రక్కవాని పళ్ళెంలాగే కనబడాలని ఆ తల్లి ఆరాటం. ఈ శ్రమను తలచుకున్నప్పుడు నా మనస్సు ద్రవిస్తుంది. అయితే అది బడి చేయవలసిన పనిలో కొంత భాగం తల్లి నెత్తిన పడడమేనని కూడా అనుకుంటాను.

ఉపాధ్యాయునిగా వెళ్ళేవాడు ఏమి చేయాలి? మొహమాటపడి తినడం తగదు. కడుపు నొప్పి అని సాకు చెప్పి తప్పుకోవడం కూడా తగదు, ఎందుకంటే పిల్లలు మరునాడు కూడా అడుగుతారు. చేరిన మొదటి రోజుననే ఉపప్రధానోపాధ్యాయునికి తన ఆహార నియమాన్ని స్పష్టంగా, వ్రాతపూర్వకంగా తెలపడం మేలు. నెల పట్టికను ముందుగా అడిగి తీసుకోవాలి. పందికి 'బుత' అని, గొడ్డు మాంసానికి 'గ్యూనికు' అని, కోడి మాంసానికి 'తోరినికు' అని పేర్లు. పందిని తెలిపే చిత్రాక్షరాన్ని మాత్రం మిగతా భాష రాకముందే గుర్తుపట్టడం నేర్చుకోవాలి. తినగలిగిన రోజుల్లో బడిభోజనం, తినలేని రోజుల్లో డబ్బా అని మిశ్రమంగా నడపడం కంటె, నెలకొకసారి తేల్చి చెప్పడం వంటశాలకు సులభం. సరుకులు తలలు లెక్కబెట్టి ముందే తెప్పిస్తారు. అన్నిటికంటె ముఖ్యం, డబ్బా తెచ్చుకున్నా సరే, ఉపాధ్యాయుల గదిలో తినక తరగతిలోనే కూర్చోవడం. హైదరాబాదులో చౌకీ భోజనం ఎరిగినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. చౌకీ చుట్టూ కూర్చున్నవారిలో ఒకడు మాంసం తినకపోవచ్చును, ఒకడు పథ్యంలో ఉండవచ్చును. లేచి పొమ్మని ఎవరూ అనరు.

రంజాన్ మాసం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. రోజా ఉన్న ఉపాధ్యాయుడు ఖాళీ బల్ల ముందు కూర్చుంటాడు. నీళ్ళు కూడానా అని పిల్లలు అడగడం సహజం; అవును, నీళ్ళు కూడా అని జవాబు. సూర్యుడు అస్తమించిన తరువాత ఏమి తింటారని తరువాతి ప్రశ్న. ఖర్జూరమనే మాట ఆ తరగతికి ఆ రోజున వస్తుంది. ఎవరూ మతబోధ చేయలేదు. ఒకడు తినకుండా ఎందుకున్నాడో తినేవారు తెలుసుకున్నారు, అంతే. వారు తినేటప్పుడు ముఖం చిట్లించక, తొందరపెట్టక, మాటలు కలిపి కూర్చోవడం ఆ ఉపాధ్యాయుని వంతు.

వెల విషయం ఒకటి మిగిలింది. డబ్బా తెచ్చుకునేవారు తినని భోజనానికి వెల చెల్లించనక్కరలేదు. అయితే ముందుగా కాగితం వ్రాసి ఇవ్వాలి. అనేక పట్టణాలలో 'పాలు మాత్రమే' అనే మరొక పద్ధతి కూడా ఉన్నది. అందులో పాల వెల మాత్రం చెల్లించి, ఇంటి డబ్బా తెచ్చుకుంటారు. అట్టి పిల్లవాడు కూడా తన వంతు వచ్చిన వారం తెల్ల అంగీ తొడుక్కుని, తాను తినని పులుసును గరిటెతో కొలిచి అందరికీ పోస్తాడు. తరువాత తన డబ్బా విప్పి, ప్రక్కవాని బల్ల మీద ఉన్నటువంటి పాలనే తన బల్ల మీద పెట్టుకుని, ఇతదకిమాస్ అనే మాట కొరకు ఎదురుచూస్తాడు.